ఎడిటరు లేని సర్వరుపై ఏకపంక్తి విజయము

గడియారపు చిన్న ముల్లు మూడును దాటి, పెద్ద ముల్లు నాలుగుపై నిలిచి, భోజనభారముచే మందగించిన ఉద్యోగిజననేత్రములు మానిటరు కాంతిలో అర్ధనిమీలితములై యుండగా, టీ యంత్రము చివరి బుస కొట్టి ఊరకుండగా, నాలుగవ అంతస్తున, కిటికీ పక్కన, ఏసీ గాలి సరిగ్గా నెత్తిమీద వీచు కుర్చీయందు, శాలువా కప్పుకొని, కనుబొమలు ముడిచి, కీబోర్డుపై పది వేళ్ళు మోహరించి నిలిచిన ఆ వీరనారి యెవరు? ఇంకెవరు! బడిబస్సు ఎక్కడున్నదో తల్లిదండ్రుల ఫోనులో చుక్కగా చూపించు చిన్న కంపెనీకి ఏకైక సర్వరు సంరక్షకురాలు, పాస్‌వర్డుల పేటిక, ఆఫీసంతయు ‘సర్వరక్క’ అని పిలుచుకొను మహాతల్లి.

ఆనాటి యుద్ధమునకు మూలము ఆమె గర్వమే. మన కథానాయిక కదా యని దాచిపెట్టుట నాకు చేతకాదు. కిందటి సోమవారము మీటింగులో ఆమె లేచి, “మన పాత సర్వర్లో సగం సామాను మనం ముట్టుకోనిదే. వాడని వస్తువులు ఎందుకు మొయ్యాలి? ఈసారి మినిమల్ ఇమేజ్ తీసుకుందాం” అని గర్జించెను. అనగా, క్లౌడులో అద్దెకు దొరకు సర్వర్లలో సకలాభరణములను ఒలిచివేసి, లేచి నిలబడుటకు కావలసినంత లినక్సు సాఫ్టువేరును మాత్రము మిగిల్చిన సూక్ష్మాతిసూక్ష్మ రూపము. సభాసదులు చప్పట్లు చరచిరి. ఆ చప్పట్లు తలకెక్కి ఆమె ఇంట అత్తగారికి సైతము అదే ఉపదేశము చేసెను.

ఆ అత్తగారు సామాన్యురాలు కాదు. పళ్ళ డాక్టరు వద్దకు పోవుటకైనను సూది, దారము, పిన్నీసులు, టార్చిలైటు, రెండు పెన్నులు, పాత పేపరు, తలనొప్పి మాత్రలు గల సంచిని భుజమున ధరింపక గడప దాటని జాగ్రత్తల పుట్ట. “అత్తయ్యా, ఇదంతా మోసుకెళ్ళాలా? మా కొత్త సర్వర్ని చూసి నేర్చుకోండి, ఒంటి మీద ఒక్క వస్తువు ఎక్కువుండదు” అని కోడలు నవ్వెను. “నీకు బరువా? నా భుజం కదా” అని అత్తగారు సంచి జిప్పు లాగెను.

ఆ దినము మధ్యాహ్నమున సర్వరక్క కొత్త సర్వరును నిలబెట్టి, సమస్తమును అందులోనికి తరలించి, మూడింటికి పాతదానిని తన చేతులారా చెరిపివేసెను. ఒక్క రోజు ఆగవచ్చును కదా! ఆగలేదు. మూడుంబావుకు బడులు వదిలిరి, బస్సులు కదిలెను; పటము మీది చుక్కలు మాత్రము బడిగేటు ముందు మేకు కొట్టినట్లు నిలిచిపోయెను.

“అక్కా!” అని పక్కసీటులోని టెస్టరమ్మాయి పరుగున వచ్చెను. “చుక్కలు కదలట్లేదు. ఇప్పటికి ఇరవై రెండు మంది పేరెంట్స్ ఫోన్ చేశారు. ఒకావిడైతే నన్నే బస్సు తోలుకు రమ్మంటోంది.”

ఇరువదిమూడవ ఫోను సర్వరక్క సంచిలోనే మ్రోగెను.

“అమ్మాయీ, మన చిట్టిది ఎక్కిన బస్సు ఇంకా బడి దగ్గరే ఉన్నట్టు చూపిస్తోంది. నిజమేనా?”

“కాదత్తయ్యా. చిన్న ఇబ్బంది. మీరెక్కడున్నారు?”

“లిఫ్టు ఇంకా బాగుచెయ్యలేదుగా. ఒక అంతస్తు దిగాక అనుమానమొచ్చి మలుపులో పేపరు పరుచుకుని మెట్టు మీద కూర్చున్నాను. ఈ మోకాళ్ళతో కిందకెళ్తే నిలబడలేను, పైకెక్కితే మళ్ళీ దిగలేను. దిగమంటావా, ఆగమంటావా?”

ఓ పాఠకులారా, ఈ ప్రశ్న చిన్నదని చులకన చేయకుడు. ఆ బస్సు ఒకనాడు మూడున్నరకు, ఒకనాడు నాలుగుంబావుకు వచ్చును. వచ్చి రెండే నిమిషములు ఆగును. ఇంటివారు ఎదుట లేనిచో బస్సులోని ఆయా పిల్లను దింపదు. బస్సు ఊరంతయు తిరిగి తిరిగి బడికి పోవును. ముందుగా దిగినచో అత్తగారి మోకాళ్ళు, ఆలస్యముగా దిగినచో ఆరేండ్ల మనుమరాలి కన్నీళ్ళు. ఈ రెంటి నడుమ ముప్పదియారు మెట్లు, వాటిపైన ఒక వృద్ధవనిత, ఆమె చేతిలో కదలని ఒక చుక్క.

“పది నిమిషాలు కూర్చోండత్తయ్యా. నేనే చెప్తాను” అని సర్వరక్క పలికెను గాని, ఆమెకు నిజముగానే భయము వేసెను.

శత్రువు జాడ తెలియుటకు రెండు నిమిషములే పట్టెను. బస్సుల జాడ చెప్పు యంత్రమును మన సర్వరు పేరు పెట్టి పిలువవలెను. ఆ పేరును అంకెలుగా మార్చి చెప్పు పెద్దమనిషి ఎక్కడున్నాడో ఒక ఫైలులో ఒక పంక్తి ఉండవలెను. కొత్త సర్వరులో ఆ పంక్తి లేదు. ఒక్క పంక్తి! ఫైలు తెరచి ఇన్ని అక్షరములు చేర్చిన చాలును.

“రమ్ము, నానో!” అని ఆమె ఫైళ్ళు తెరచి దిద్దు తన చిరకాలమిత్రమగు ఎడిటరును పిలిచెను. కమాండ్ నాట్ ఫౌండ్, అనగా అట్టివాడు ఇచట లేడు, అనెను సర్వరు. “విమ్! నీవైనను రమ్ము!” కమాండ్ నాట్ ఫౌండ్. “ముసలి వీ! నీవెచట?” కమాండ్ నాట్ ఫౌండ్. ఫైలులో ఒక అక్షరము దిద్దుటకు పనికివచ్చు సాధనమేదియు ఆ సర్వరులో లేదు. వాడని వస్తువులు ఎందుకని ఒలిపించినది ఎవరు? ఆమెయే.

పోనీ, ఎడిటరును బయటినుండి తెప్పింతమని ఆజ్ఞాపించెను. సర్వరు బయలుదేరెను, గడప వద్దనే నిలిచెను. ఎడిటరు ఉన్న చోటును సైతము పేరుతోనే పిలువవలెను. పేరును అంకెలుగా మార్చు పంక్తి లేదు. ఎడిటరు రావలెనన్న పంక్తి ఉండవలెను, పంక్తి రాయవలెనన్న ఎడిటరు ఉండవలెను. సర్వరక్క రెండుమార్లు ఈ చక్రమున తిరిగి, మూడవమారు తిరుగుటకు సిద్ధమై, శాలువా విసరికొట్టి లేచి నిలిచెను.

“ఓయీ కృశాంగా!” అని మనసులో గర్జించెను. “ఓయీ నిరాభరణా, నిరాయుధా, నిష్పరికరా! నిన్ను నలుగురిలో పొగడితినే! నీ నాజూకు నడుమును చూచి మురిసితినే! ఇరువదిమూడు గృహముల కలవరమును, మెట్టుపై కూర్చున్న మా అత్తగారిని చూచియు నీ హృదయము కరుగదా? నీకడ పలుకుటకైనను ఒక నాలుక లేదా?”

సర్వరు తెరపై చిన్న గీత నిశ్చింతగా మినుకుమినుకుమనుచుండెను.

పలుకు! ఆ మాటకు ఆమెయే ఉలిక్కిపడెను. పలుకుట తెలిసినది ఒకటి ఉన్నది కదా! ఎకో! చెప్పిన మాటను తిరిగి చెప్పుట తప్ప వేరొకటి ఎరుగని అల్పజీవి. లినక్సు నేర్చిన తొలినాడు ‘హలో’ అనిపించి, అటుపై ఎన్నడును పలుకరింపని బీదచుట్టము. దానిని ఒలుచుట ఎవరికిని సాధ్యము కాలేదు. ఎకో చేత ఆ పంక్తిని పలికించి, పక్కన బాణపు గుర్తు పెట్టినచో, ఆ పలుకు తెరమీదికి రాక ఫైలులో పడును. ఐతే ఇచట ఒక అస్త్రరహస్యమున్నది: రెండు బాణములు సంధించిన పంక్తి ఫైలు చివర చేరును, ఒకే బాణము వేసినచో ఫైలులో అంతకుముందున్నదంతయు భస్మమగును.

టకటక టకటక. ఎకో, పంక్తి, బాణము, ఫైలు పేరు. ఆమె చిటికెనవేలు ఎంటరు మీటపై లేచెను.

“అక్కా, ఆగు! బాణం ఒక్కటే ఉంది!”

వేలు గాలిలో ఆగెను. టెస్టరమ్మాయి జీవితమున పట్టుకొన్న తప్పులన్నిటిలో ఇదియే శ్రేష్ఠము. సర్వరక్క తెరపై గీతను వెనుకకు జరిపి, రెండవ బాణమును సంధించి, ఎంటరు నొక్కెను.

సర్వరు ఏమియు అనలేదు. లినక్సు సంతోషించినపుడు ఏమియు అనదు. మూడు క్షణములు గడిచెను. పిదప పటముపై చుక్కలన్నియు ఒక్కమారుగా ఎగిరి, ఎవరి వీధికి వారు పోయి నడువసాగెను.

“అత్తయ్యా, దిగండి! ఆరు నిమిషాల్లో వస్తుంది. నిదానంగా, కడ్డీ పట్టుకుని.”

ఎనిమిది నిమిషములు సర్వరక్క ఫోను వంక చూచుచుండెను. అది మ్రోగెను.

“చిట్టిది దిగింది. నేనలా గేటు దగ్గరకొచ్చానో లేదో బస్సొచ్చింది. నిలబడే పనే లేకపోయింది. ఇంతకీ అంతసేపు ఏం చేశావమ్మాయీ?”

“ఒక్క లైను రాశానత్తయ్యా.”

“ఒక్క లైనుకి అంతసేపా?”

“రాయడానికి అక్కడ పెన్ను లాంటిదేదీ లేదు. అన్నీ తీసేశాం కదా.”

అవతల జిప్పు లాగిన చప్పుడు.

“నా సంచిలో రెండున్నాయి” అనెను అత్తగారు.

సర్వరక్కకు నవ్వు వచ్చెను, కన్నులు చెమర్చెను. ఫోను పెట్టి, ఇప్పుడు లోకమంతటికి దారి తెరచుకొన్న ఆ సర్వరులోనికి ఆమె నానోను పిలిపించెను. అది వచ్చెను. విమ్‌ను సైతము పిలిపించెను. అదియు వచ్చెను.

“రెండు ఎడిటర్లు ఎందుకక్కా? మినిమల్ అన్నావు కదా?” అని టెస్టరమ్మాయి అడిగెను.

“నీకు బరువా? నా సర్వరు కదా” అని సర్వరక్క శాలువా సవరించుకొనెను.

ఈ తీరున, మూడు గంటల నలుబదియొక్క నిమిషములకు, ఒక వీరవనిత, ఒక ఎకో, రెండు బాణములు కలిసి, ఒక ఫైలు చివర ఒక పంక్తిని ప్రతిష్ఠించెను. ఆ పంక్తి చిరకాలము నిలుచుగాక! దానిని చేర్చిన వేళ్ళకు, ఆపిన గొంతుకు, దిగిన మోకాళ్ళకు జయము! ఆ సాయంకాలము ముప్పదియారు మెట్లను ఒక్కమారే దిగిన పెద్దావిడకు, పైకెక్కునపుడు సంచి మోసినది ఆరేండ్ల మనుమరాలు.