బెంచీ కోసం తవ్విన గొయ్యి

ఆ శనివారం ఉదయం రోలండ్ పించ్‌బెక్ పెట్టుకున్న పని చిన్నదే. కంట్రోల్ టవర్ ముందు ఒక బెంచీ పాతి, భోజనం వేళకు ఇంటికి చేరాలి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బాంబర్ విమానాలు లేచిన, ఇంగ్లండ్‌లోని ఆ లింకన్‌షైర్ రన్‌వే మీద ఇప్పుడు బీట్‌దుంపలు పండుతున్నాయి. మిగిలిన టవర్‌ను, బస్సు డ్రైవరుగా రిటైరైన రోలండ్ ఆరేళ్ళుగా మ్యూజియంగా నడుపుతున్నాడు. అందులో ఉన్నవి కొన్ని ఇత్తడి బొత్తాలు, ఒక బూటు, తుప్పు పట్టిన మేకులు. చూడటానికి ఎవరూ రావడం లేదు కాబట్టి చలికాలం లోపు మూసేద్దామని ఊరి పరిషత్తు ఉత్తరం రాసింది.

మోకాలి లోతు తవ్వేసరికి పార ఠంగుమంది. మట్టి తీసి చూస్తే బానంత గుండ్రటి ఇనుప వస్తువు, పక్కన పొడుచుకొచ్చిన ఒక మర. రోలండ్ పారను మెల్లగా పక్కన పెట్టాడు. భార్య హిల్డాకు ఫోన్ చేసి, కంగారేమీ లేదని, పోలీసులను ఊరికే ఒక మాట అడగమని చెప్పాడు.

హిల్డా ఊరికే అడిగే మనిషి కాదు. "మా ఆయన బాంబు మీద నిలబడి ఉన్నాడు," అని చెప్పింది.

అరగంటలో పోలీసులు, మరో గంటలో సైన్యం వచ్చి నలభై ఇళ్ళు ఖాళీ చేయించారు. ఊరంతా పిల్లులను చంకన పెట్టుకుని చర్చి హాల్లో చేరేసరికి నోటా నోటా పాకి ఆ ఒక్క బాంబూ మూడయ్యాయి. ఆ హాల్లో మధ్యాహ్నం పెళ్ళి విందు జరగాల్సి ఉంది. పెళ్ళికూతురు రాకముందే శాండ్‌విచ్‌లు అయిపోయాయి. అందరి చూపులూ రోలండ్ మీదే.

"రెండడుగులు పక్కన తవ్వితే నీ సొమ్మేం పోయేది?" అంది హిల్డా.

ఇంతలో సైనికాధికారి ఆ వస్తువు ఫోటో తెచ్చి, పాతకాలం వాళ్ళెవరైనా గుర్తుపడతారేమో అని అడిగాడు. యుద్ధకాలంలో ఆ వైమానిక స్థావరం క్యాంటీన్‌లో పనిచేసిన తొంభై తొమ్మిదేళ్ళ మ్యూరియల్ టోయిన్ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఈ కుళాయి నాకు తెలుసు."

"అది బాంబు ఫ్యూజు, మామ్మగారూ."

"కుళాయే నాయనా. రెండేళ్ళు తిప్పాను."

అది టీ కాచే డ్రమ్ము. పాతది ఉండగా కొత్తది ఇచ్చేది లేదన్నారట పైవాళ్ళు. అందుకని ఒక విమానం కుర్రాళ్ళు ఏడుగురూ దాన్ని సైనిక లాంఛనాలతో పాతిపెట్టారు. విమానంలో తుపాకీ పేల్చే లెస్లీ అనే గన్నర్ పాదిరీలా బల్లగుడ్డ భుజాన వేసుకుని ప్రార్థన చదివాడు. మ్యూరియల్ కడుపుబ్బ నవ్వింది. మరుసటి వారం ఆ విమానం తిరిగి రాలేదు.

"అంత నవ్విన సంగతి తర్వాత ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు," అంది. "చెప్పకపోతే వాళ్ళు నవ్వించిన సంగతి కూడా పోతుందని ఇప్పుడు తోస్తోంది."

తర్వాత పెళ్ళికూతురి తండ్రి, మా అటక మీద ఒక పైలట్ ఉత్తరాలున్నాయన్నాడు. మరొకావిడ, మా తోట గేటుకు ఆసరాగా నిలబెట్టింది విమానం రెక్క ముక్కేనని ఒప్పుకుంది. వారం తిరిగేసరికి జనం అలాంటి వస్తువులు పట్టుకుని టవర్ ముందు వరస కట్టారు. పరిషత్తు తన ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంది.

డ్రమ్మును గది మధ్యలో నిలబెట్టాక, దాని ముందు చీటీ మీద ఏం రాయమంటారని రోలండ్ మ్యూరియల్‌నే అడిగాడు.

"టీ బాగుండేది కాదని రాయి," అంది.