స్మార్ట్ బోర్డుకు పెట్టిన బొట్టు

ఇరవై ఏడు గడులున్న మూల్యాంకన పత్రంలో, ఎదురుగా కూర్చున్న మనిషికి చదవడం వచ్చిందా అని అడిగే గడి ఒక్కటైనా ఎందుకు లేదు?

ఈ ప్రశ్న నేను మా అధ్యక్షులను ఆగస్టులోనే రాతపూర్వకంగా అడిగాను. రెండు చేతులు జోడించిన పసుపుపచ్చ బొమ్మ ఒకటి నా ఫోన్‌కు వచ్చింది. దాన్ని సమాధానంగా పరిగణించాలో నమస్కారంగా స్వీకరించాలో తేల్చుకోలేక, మూల్యాంకన సంఘ సభ్యురాలిగా కొనసాగాను.

కువైట్‌లోని తెలుగువారి నిరక్షరాస్యతను నూట ఇరవై రోజుల్లో డిజిటల్‌గా నిర్మూలిస్తామని శివకుమార్ గారు ప్రకటించినప్పుడు నేను వేదిక మీదే ఉన్నాను. ఆయన ఒక పార్టీ గల్ఫ్ విభాగానికి సమన్వయకర్త. మా అక్షర వికాస వేదికకు వ్యవస్థాపక, శాశ్వత, ఏకగ్రీవ అధ్యక్షులు. ఆయన దూరదృష్టి గొప్పది. అంత దూరం చూసేవారికి దగ్గరివి ఆనవన్నది కంటి వైద్యులు కూడా ఒప్పుకునే సంగతే.

వేదిక అబూ హలీఫాలో ఒక ఫ్లాట్ హాలులో శుక్రవారం బడి నడుపుతుంది. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, డ్రైవర్లు, తాపీ మేస్త్రీలు అక్షరాలు నేర్చుకోవడానికి వస్తారు. చెప్పేవారూ వారిలోంచి వచ్చినవారే, కాస్త చదువుకున్నవారు. అటువంటి ఆరుగురికి శిక్షణ ఇచ్చి, తరగతిలో టెక్నాలజీని ఎలా వాడుతున్నారో అంచనా కట్టి, 'డిజిటల్ అక్షర మిత్ర' సర్టిఫికెట్ ఇవ్వాలన్నది పథకం. ముప్పై ఒక్క ఏళ్లు స్కూల్లో పాఠం చెప్పిన అనుభవం ఉన్నందువల్ల అంచనా కట్టే పని నాకు అప్పగించారు. ఇంట్లో టీవీ రిమోట్‌లో నాకు రెండు బటన్లే తెలుసన్న విషయం ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆరుగురిలో పుష్పలత ఒకతె. రాయచోటి వైపు మనిషి, ఇంటర్ పాసయింది, ఒక కువైటీ ఇంట్లో వంటపని. మహబూలా నుంచి వచ్చే పదకొండు మంది ఆడవాళ్లకు ఏడాదిగా తన ఫోన్‌తోనే చదువు చెబుతోంది. పథకం ప్రకటించిన రోజున నన్ను మెట్ల దగ్గర ఆపింది.

"టీచరమ్మా, ఇది పాసైతే కాయితం ఇస్తారంట గదా?"

"ఇస్తారు."

"మా మామా, అదే మా కువైటీ యజమానమ్మ, అడుగుతాందమ్మా. శుక్రవారం శుక్రవారం యాడికి పోతాండావు, నిజంగా సదువు చెప్పేదుంటే రాసిన కాయితం తే, లేకుంటే ఖలాస్, మాతో కబ్ద్‌కు రా అంటాంది. ఆడ తోటలో వాళ్లందరికీ చాయ్ పోసేకి మనిషి కావాలంట. నేను కబ్ద్‌కు పోతే మా పదకొండు మందికి చెప్పేదెవరు?"

"ఏడాదిగా చెబుతున్నదానివి. నీకెందుకు భయం?" అన్నాను. ఆ మాట అన్నది నేనేనని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

మరుసటి శుక్రవారం డెబ్బై అయిదు అంగుళాల స్మార్ట్ బోర్డు వచ్చింది. కొబ్బరికాయ స్నానాల గదిలో కొట్టారు. కర్పూరం వెలిగిస్తే పొగకు అలారం మోగుతుందని బిల్డింగు హారిస్, అంటే కాపలాదారు, అడ్డుచెప్పినందువల్ల, ఒక ఫోన్‌లో హారతి వీడియో పెట్టి బోర్డు చుట్టూ మూడుసార్లు తిప్పారు. టెక్నాలజీ వినియోగంలో అది మా తొలి విజయం.

"మేడమ్, మీరు పెద్దముత్తైదువ. బొట్టు మీ చేత్తోనే పడాల," అన్నారు శివకుమార్ గారు.

మూఢాచారాలను ఖండిస్తూ ఇరవై రెండేళ్ల వయసులోనే వ్యాసం అచ్చు వేయించుకున్నదాన్ని. అందువల్ల మరింత శ్రద్ధగా పెట్టాను. గడపకు రాసినట్టు కింది అంచు పొడవునా పసుపు రాసి, జానెడేసి ఎడంతో కుంకుమ అద్ది, నాలుగు మూలలా బొటనవేలితో గట్టిగా నొక్కాను. అప్పటికే తెర మీద శివకుమార్ గారి స్వాగత చిత్రం వెలుగుతోంది. ఆ తరువాత ఎవరెంత తాకినా అది కదలలేదు.

"సార్, మారతల్లేదు," అన్నారెవరో.

"మారదు. హై ఎండ్ మోడల్. స్టేబుల్ డిస్‌ప్లే," అన్నారాయన.

అందరం చప్పట్లు కొట్టాం. నావి కాస్త ఆలస్యంగా మొదలై, కాస్త ఎక్కువసేపు సాగాయి.

మూల్యాంకనం సెప్టెంబరులో జరిగింది. మూడో గడి: బోర్డును ఎన్నిసార్లు తాకారు? తాకుడుకు ఒక మార్కు, నలభైకి మించరాదు. పదకొండో గడి: మార్గదర్శకుల చిత్రం తెరపై ఎంతసేపు ఉంది? పంతొమ్మిదో గడి: పరికరం పట్ల భక్తిశ్రద్ధలు. మిగిలిన ఇరవై నాలుగూ ఈ మూడింటికి బంధువులే.

మొదట జలంధర్ లేచాడు. జగిత్యాల మనిషి, ఒక గోదాములో స్టోర్‌కీపర్. తెలివైనవాడు, మూల్యాంకన పత్రాన్ని ముందుగానే చదువుకుని వచ్చాడు.

"జూడుండ్రి అందరు. బోర్డు మీద ఎవరున్నరు?"

"సారు," అంది తరగతి.

"ఏ సారు?"

"గా సారే," అంటూ ముందు వరస కుర్చీలో ఉన్న శివకుమార్ గారిని ముత్తెవ్వ వేలెత్తి చూపింది. ముత్తెవ్వది నిజామాబాద్ జిల్లా, ఆఫీసులు తుడిచే పని. పుష్పలత పదకొండు మందిలో ఒకతె.

"శివకుమార్ సారు. మొదలు అక్షరం ఏంది?"

"శి."

"శి ఎట్లుంటది?"

"మీసాలేసుకొని ఉంటది," అంది ముత్తెవ్వ.

తరగతి గొల్లుమంది. జలంధర్ మాత్రం నవ్వలేదు. శివకుమార్ గారి చిత్రాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా, కళ్లజోడు మీద, రెండు బుగ్గల మీద వేలితో తాకుతూ పాఠం పూర్తిచేశాడు. నేను నలభై ఒకటి లెక్కపెట్టాను. నలభైకి మించరాదు గనుక ఒక తాకుడు వృథా అయింది. మొత్తం తొంభై ఒకటి.

మరో నలుగురు కూడా అవే బుగ్గలు తాకి పాసయ్యారు. చివరికి పుష్పలత వంతు వచ్చింది. ఒకసారి తాకి, ఆగి, వంగి కింది అంచును పరీక్షగా చూసింది.

"ఇది పని చేయల్లేదమ్మా."

"పుష్పలతా, తాకి చెప్పు. మార్కులున్నాయి," అన్నాను, కనికరించి.

"మా మామా పిల్లోల్ల రూములో ఇట్టాదే ఉండాదమ్మా. చాక్లెట్ చేతుల్తో అంచులు పట్టుకుంటే ఇట్లే మొండికేస్తాది. దినామూ తుడ్సేది నేనే గదా."

చున్నీ కొస తీసుకుని కింది అంచు పొడవునా తుడిచింది. తరువాత నాలుగు మూలలు. పసుపు, కుంకుమ, నా బొటనవేలి ముద్రలు అన్నీ చున్నీలోకి వచ్చేశాయి. వేలు పెట్టింది. తెర మీద శివకుమార్ గారు ఒక్కసారి వణికి మాయమయ్యారు.



"ముత్తక్కా, నీ ఫోన్ ఇట్లా ఇయ్యి."

"నా ఫోన్ల ఏమున్నయే? అన్ని గుడ్ మార్నింగులే. పువ్వులొస్తయి."

"ఇది పువ్వు గాదు. అక్షరాలుండాయి. ఆరు దినాలాయ వచ్చి. నువ్వే సదువు."

ఫోన్‌ను బోర్డుకు కలిపింది. రెండు వాక్యాలు బోర్డు నిండా పరుచుకున్నాయి. ముత్తెవ్వ లేచి వెళ్లి, ఒక్కొక్క అక్షరం కింద వేలు పెట్టింది.

"బ... బర్... బర్రె. ఈ... ఈనిం... ఈనింది." వెనక్కి తిరిగింది. "అవ్వో! మా బర్రె ఈనిందటనే!"

"ఇంకా ఉండాది. సదువు."

"పెయ్య... దూడ. నీ... పేరు... పెట్... పెట్టినం." రెండు చేతులూ నడుము మీద పెట్టుకుంది. "నా పేరు దూడకు పెట్టిర్రా! ఓ వదినా, దొరుకు నువ్వు!"

పదకొండు మందీ లేచి నిలబడ్డారు. ఒకరి మీద ఒకరు పడి నవ్వుతూ, ఆ వాక్యాలను మళ్లీ మళ్లీ చదివారు. ఎవరో ఫోటోలు తీశారు. నేను గడియారం చూసుకున్నాను. మొత్తం నాలుగు నిమిషాలు.

"మేడమ్, సూసినారా? బొట్టు తుడిచేసింది! నా ఫోటో గూడా తీసేసింది!" అన్నారు శివకుమార్ గారు.

"తీయలేదు. అదే పోయింది," అని సవరించాను. తప్పుడు వాక్యాన్ని నేను సహించలేను.

తరువాత ఫారం నింపాను. అంచును తాకడం బోర్డును తాకడం అవుతుందా అన్న సందేహం వచ్చింది. దాన్ని ఆమెకు అనుకూలంగానే తీర్చి, పాఠం చెప్పినప్పటి తాకుళ్లతో కలిపి ఏడు మార్కులు వేశాను. చిత్రం ఉన్న వ్యవధికి రెండు. భక్తిశ్రద్ధలకూ, మిగిలిన బంధువులకూ సున్నా. మొత్తం తొమ్మిది. నా కాగితంలో ఒక్క కొట్టివేత కూడా లేదు.

"టీచరమ్మా, కాయితం?" అని అడిగింది పుష్పలత, చున్నీకి అంటిన కుంకుమ దులుపుకుంటూ.

"ప్రక్రియలో ఉంది," అన్నాను.

ఇప్పుడు శుక్రవారాలు ఆమె కబ్ద్‌లో చాయ్ పోస్తోంది. పదకొండు మందిని జలంధర్‌కు అప్పగించారు. వారు మళ్లీ 'శి' దగ్గరికి వచ్చారు. మొన్న ముత్తెవ్వ నుంచి నాకొక మెసేజ్ వచ్చింది. గొంతు కాదు, సొంతంగా టైపు చేసిన అక్షరాలు: "పుష్ప ఎప్పుడొస్తది?" రెండు చేతులు జోడించిన పసుపుపచ్చ బొమ్మ పంపాను.

వేదిక వార్షిక నివేదిక కూడా వెలువడింది. అట్ట మీద వెలుగుతున్న బోర్డు, దాని మీద ఒక చెయ్యి, మోచేతి దాకా. ముఖం కత్తిరించారు. 'కువైట్‌లో డిజిటల్ అక్షర విప్లవం' అన్న శీర్షిక కింద 'బర్రె ఈనింది' అని స్పష్టంగా చదువుకోవచ్చు. బోర్డు పనిచేస్తుండగా తీసిన ఫోటోలు ఆ నాలుగు నిమిషాలవే ఉన్నాయట.

దసరాకు ఆయుధపూజ చేశాం. పరికరం గనుక బోర్డుకు బొట్టు పెట్టవలసి వచ్చింది. పెద్దముత్తైదువను నేనే. శివకుమార్ గారు తెర మీదికి తిరిగి వచ్చారు.

ఒక వివరం మిగిలిపోయింది. ఆరు సర్టిఫికెట్లూ మూల్యాంకనానికి ముందురోజే అచ్చయ్యాయి. శివకుమార్ గారు పేర్లు కూడా చూడకుండా ఆరింటి మీదా సంతకం చేసేశారు. ఆరోదాన్ని ఆపమని ఆయన ఇంతవరకు నాతో అనలేదు. కావలసింది ఇక నా సంతకమే. చూడకుండా సంతకం చేసే అలవాటు నాకు లేదు. చూసి, అయిదింటి మీద చేశాను. ఆరోది నా చేతిసంచీలో, కళ్లజోడు పెట్టె కింద ఉంది.

ఈ శుక్రవారం ఉదయం పదింటికి నేను అబూ హలీఫా హాలులోనే ఉంటాను. మీరు రండి. బోర్డుకు ఒక పొడి గుడ్డ తెండి. నా సంచీ తెరిచి ఆ కాగితం బయటికి తీయండి, కలం నా చేతిలో పెట్టండి, సంతకం చేసేదాకా కదలకండి. ప్రక్రియ గురించి నేనేం చెప్పినా వినకండి.