లోతు: పన్నెండు అడుగులు

"ఇకమీదట ఈ రాష్ట్రంలో ఒక్క పౌరుడు కూడా నీళ్ళలో మునగడానికి వీల్లేదు!" అని క్రీడల మంత్రిగారు తమ ఇంటి పెరట్లో ప్రెస్ మీట్ పెట్టి ప్రకటించారు. అంతవరకూ ఇష్టమొచ్చినట్టు మునుగుతూ వచ్చిన పౌరులు ఇకనైనా ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలని నాకనిపించింది.

ఆ రోజు టీవీలో మంత్రిగారి వెనకాల, కుర్చీ దొరక్క నిలబడినవాణ్ణి నేనే. టౌన్ స్విమ్మింగ్ పూల్‌కి కోచ్‌ని. పూల్ మోటార్ కాలిపోయి మూడేళ్ళయింది. అయినా డ్యూటీ డ్యూటీయే కదా! రోజూ పొద్దున్నే మెడలో విజిల్ వేసుకుని వెళ్ళి, ఎండిపోయిన పన్నెండడుగుల గోతి గట్టున కూర్చుంటాను. రిజిస్టర్‌లో "ఈ రోజు ఈత కొట్టినవారు" అన్న గడిలో సున్నా చుడతాను. సాయంత్రం ఇంటికొస్తాను. ప్రభుత్వ రికార్డుల్లో ఇంత నిజం ఇంకెక్కడా ఉండదని నా నమ్మకం.

ఇంటికెళ్ళగానే మా అక్క కూతురు ఒకటే ప్రశ్న వేస్తుంది. "మామయ్యా, నీళ్ళెప్పుడు?"

దానికి పధ్నాలుగేళ్ళు. నీళ్ళలో దింపితే చేపపిల్లే. కానీ దింపడానికి నీళ్ళేవీ? చుట్టుపక్కల ఇంకో పూల్ లేదు. ముందుగదిలో స్టూలు మీద బోర్లా పడుకుని గాల్లో చేతులూ కాళ్ళూ ఆడిస్తుంటుంది. ఆ ప్రాక్టీసులో మా బావ కళ్ళజోడు రెండుసార్లు పగిలింది. జూనియర్ సెలక్షన్స్‌కి దానికి ఈ ఏడే ఆఖరు. వేసవి సెలవులు అయ్యే రోజున ట్రయల్స్. ఆలోగా నీళ్ళు రాకపోతే స్టూలు మీద ఈదినందుకు ఎవరూ మెడల్ ఇవ్వరు.

ప్రెస్ మీట్‌లో ఒక విలేకరి అదే అడిగాడు. "టౌన్ పూల్ మూడేళ్ళ నుంచి ఎండిపోయి ఉంది కదండీ?"

"అందుకే మా ఇంట్లో పూల్ కడుతున్నాం," అన్నారు మంత్రిగారు, తడుముకోకుండా.

విలేకరి పెన్ను ఆగిపోయింది.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ముందు మా ఇంట్లో మోడల్ పూల్. అందులో లోటుపాట్లన్నీ నేనే స్వయంగా అనుభవించి తెలుసుకుంటాను. ఆ మర్నాడే టౌన్ పూల్ పని మొదలు. ఇదిగో, టౌన్ పూల్ కోచ్‌గారే మన టెక్నికల్ మెంబర్!"

కెమెరాలన్నీ నా వైపు తిరిగాయి. ప్రజల కోసం ముందు తన ఇంట్లో సౌకర్యం భరించడానికి సిద్ధపడ్డ నాయకుణ్ణి చూసి నేను చేతులెత్తి దండం పెట్టాను. ఆ రాత్రి అక్క కూతురికి నీళ్ళొచ్చేస్తున్నాయని గట్టిగా మాటిచ్చేశాను.

వారం తిరక్కుండా లోతు మీద మీటింగ్ పెట్టారు. మంత్రిగారు, పీఏ, ఇంజనీరు, నేను. ఇంకా పార్టీ కార్యకర్త ఒకాయన. ఆయన్ని అందరూ జిందాబాద్ అంటారు; అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో తెలియదు.

ఇంజనీరు కాగితం విప్పి, "ఇంట్లో పూల్‌కి నాలుగడుగులు చాలండీ," అన్నాడు.

జిందాబాద్ లేచి నిలబడ్డాడు. "టౌన్ పూల్ లోతెంత?"

"పన్నెండు," అన్నాను.

"అంటే అడ్డమైనవాళ్ళకీ పన్నెండు, మా నాయకుడికి నాలుగా!" ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటికి ఆ ప్రాజెక్టులో కనిపించిన నీళ్ళు అవే.

ఇంజనీరు నాలుగు కొట్టేసి పన్నెండు వేశాడు.

కోచ్‌ని కాబట్టి ఒక మాట అడగాలనిపించింది. "సార్‌కి ఈత వచ్చు కదండీ?"

పీఏ బల్ల కింద నా కాలు తొక్కాడు. జిందాబాద్ మండిపడ్డాడు. "ఏం మాటయ్యా అది? వరదలో ఏరు ఈది గేదెను ఒడ్డుకి లాక్కొచ్చిన మనిషిని పట్టుకుని ఈత వచ్చా అంటావా?"

"గేదె కాదండీ, నలుగురున్న కుటుంబం," అన్నాడు పీఏ.

"కుటుంబం మొన్నటి ఎన్నికల్లోది. గేదె అంతకుముందుది."

మంత్రిగారు వినయంగా నేల చూపులు చూశారు. ఆ లోతు అలా ఏకగ్రీవంగా ఖాయమైంది.

"మరి తవ్విన మట్టి ఎక్కడ పోద్దాం?" అన్నాడు ఇంజనీరు. "ఇంత మట్టి పట్టాలంటే ఇంతే గొయ్యి కావాలి. ఊళ్ళో ఎక్కడైనా రెడీగా ఉందా?"

అందరూ నా వంక చూశారు. ఎందుకు చూస్తున్నారో నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"సార్! ఆ పూల్ బాగు చెయ్యడానికే కదా సార్ ఈ పూల్ కడుతున్నాం!"

"అవునయ్యా. అందుకే ఈ పూల్ పని ఆగకూడదు," అన్నారు మంత్రిగారు.

"మరి అందులో మట్టి పోసేస్తే?"

"తాత్కాలికమే. మట్టి ఎక్కడికైనా పారిపోతుందా?"

మట్టి పారిపోదని పీఏ మినిట్స్‌లో రాసుకున్నాడు.

నాలుగు రోజులు లారీలు తిరిగాయి. ప్రతి లారీకీ డ్రైవర్ నా చేత "మట్టి ముట్టింది" అని సంతకం పెట్టించుకున్నాడు. నేను ఈత నేర్పిన గోతిలో నా సంతకాల మీదే మట్టి పడింది. అయినా ఆ నాలుగు రోజులూ సున్నా చుట్టడం మాత్రం మానలేదు.

అయిదో రోజున మంత్రిగారి భార్య నన్ను పెరట్లోకి పిలిపించారు. గోతి అంచున మంత్రిగారు ఒక చేత్తో చెట్టునూ, ఇంకో చేత్తో ఆవిడ భుజాన్నీ పట్టుకుని నిలబడి ఉన్నారు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"తమ్ముడూ, నీ దగ్గర దాపరికం దేనికి?" అన్నారు ఆవిడ. "బకెట్ నిండి నీళ్ళు పొర్లితేనే ఈయన నన్ను కేకేస్తారు. ఇందులో దిగితే ఇంకేమైనా ఉందా? మూడడుగులు చాలు."

"పేపర్లలో పన్నెండని వచ్చేసిందే!" అన్నారు మంత్రిగారు నీరసంగా.

పక్కనే ఉన్న ఇంజనీరు దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. "రికార్డు లోతు వేరు, వాడుక లోతు వేరండీ. రికార్డుకి పన్నెండు. తొమ్మిదడుగులు పూడ్చేస్తే వాడుకకి మూడు. అడుగున ముదురు నీలం రంగు వేస్తే పైనుంచి చూసినవాడికి పాతాళమే."

నా ప్రాణం లేచి వచ్చింది. "అయితే పూడ్చడానికి మా పూల్‌లోని మట్టి వెనక్కి తెచ్చేయండి సార్! లారీలు నేనే మాట్లాడతాను!"

ఇంజనీరు నన్ను జాలిగా చూశాడు. "ఒకసారి బదిలీ అయిన మట్టిని మూడేళ్ళ దాకా కదపకూడదు. రూల్."

అందుకని మా టౌన్ పూల్ గ్యాలరీనీ, బట్టలు మార్చుకునే గదులనూ పగలగొట్టి ఆ రాళ్ళతో మంత్రిగారి గోతిని పూడ్చారు. ఈతే లేనప్పుడు కూర్చుని చూడటానికి గ్యాలరీ దేనికన్నారు. న్యాయమే.

ఆ రోజు నేను మాత్రం కదల్లేదు. మంత్రిగారింటి గేటు దగ్గరే నిలబడి, ఆయన భార్య కారెక్కబోతుంటే అడ్డం వెళ్ళాను. "అమ్మగారూ, మా మేనకోడలికి ఇదే ఆఖరి ఏడు. ట్రయల్స్ నెల రోజుల్లో ఉన్నాయి. నా నోటితో ఆ పిల్లకి ఏం చెప్పమంటారు?"

ఆవిడ మనసున్న మనిషి. "ప్రారంభోత్సవం అయిన మర్నాటి నుంచి మా పూల్‌లోనే రోజూ ఈదుకోమను. మూడడుగులైతేనేం, పొడుగుందిగా!" అన్నారు.

ఇంటికెళ్ళి చెప్తే అక్క కూతురు ఎగిరి గంతేసింది. స్టూలుని వంటింట్లో పెట్టేసింది. మా బావ కొత్త కళ్ళజోడు కొనుక్కున్నాడు.

పది రోజులు మంత్రిగారికి నేనే ఈత నేర్పాను. నేను నేర్పిన ఈతలో కాళ్ళు నేల మీదే ఉంటాయి. నడుం వంచి, చేతులు ఆడిస్తూ, మూతి గుండ్రంగా పెట్టి ఊపిరి వదులుతూ నడవాలి. మంత్రిగారు చాలా త్వరగా పట్టేశారు. పదవిలో ఉన్నవాళ్ళకి ఈ పద్ధతి ఇంత సహజంగా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ప్రారంభోత్సవం రోజున పెరడంతా జనం. గట్టు మీద మా టౌన్ పూల్ బోర్డు చూసి రాయించిన కొత్త బోర్డు: "లోతు: పన్నెండు అడుగులు. ఈత రానివారు దిగరాదు." మొదటి వరసలో అక్క కూతురు ఈత దుస్తుల మీద తువ్వాలు కప్పుకుని కూర్చుంది. పార్టీ అధ్యక్షులవారు ముఖ్య అతిథి. ఎనభై దాటినా హుషారైన మనిషి. మంత్రిగారు ఈత నిక్కరు మీద పార్టీ కండువా వేసుకుని, నేను నేర్పినట్టు మెట్ల వైపు నెమ్మదిగా నడుస్తున్నారు.

"గేదెనే ఈడ్చుకొచ్చినవాడివి, నీకు మెట్లేంటయ్యా!" అంటూ అధ్యక్షులవారు వీపు మీద ప్రేమగా ఒక్కటి చరిచారు.

మంత్రిగారు బోర్లా నీళ్ళలో పడ్డారు. మునిగారు. తేలారు. "బాబోయ్! చచ్చిపోయాను! పట్టుకోండి!" అని అరిచి మళ్ళీ మునిగారు.

లేచి నిలబడితే సరిపోతుంది. ఆ సంగతి ఇంజనీరుకి తెలుసు, పీఏకి తెలుసు, మంత్రిగారి భార్యకి తెలుసు, నాకూ తెలుసు. కానీ లేచి నిలబడమని ఎలా అంటాం? రికార్డు ప్రకారం అది పన్నెండడుగులు. ఎదురుగా ఇరవై కెమెరాలు. ఇంజనీరు నన్ను చూశాడు. నేను పీఏని చూశాను. పీఏ బోర్డుని చూశాడు. నేను దూకితే నీళ్ళు నా నడుం దగ్గరే ఆగిపోతాయి, ఆ మర్నాటి నుంచి నా ఉద్యోగమూ ఆగిపోతుంది. అందుకని నా శక్తికొలదీ విజిల్ ఊదాను.

"మంత్రిగారూ! లేచి నిలబడండి! కాళ్ళు ఆనుతాయి!"

అరిచింది మా అక్క కూతురు. నీళ్ళెరిగిన పిల్ల కదా, నీలం రంగుకి మోసపోలేదు.

మంత్రిగారు లేచి నిలబడ్డారు. నీళ్ళు నడుం దాకా ఉన్నాయి. కండువాలోంచి బొట్లు బొట్లుగా కారుతున్నాయి. జనం ఆయన్ని చూశారు, బోర్డుని చూశారు, మళ్ళీ ఆయన్ని చూశారు. అయిపోయింది, కొంప మునిగిందనుకున్నాను.

అప్పుడు జిందాబాద్ చెయ్యెత్తాడు. "పన్నెండడుగుల నీళ్ళలో నిటారుగా నిలబడ్డ నాయకుడు..."

"జిందాబాద్!" అంది పెరడంతా.

మర్నాడు పేపర్లలో మొదటి పేజీలో అదే వార్త: "పన్నెండడుగుల లోతులోనూ నిలదొక్కుకున్న మంత్రి." పక్కన ఫొటో. ఫొటోలో బోర్డు కూడా స్పష్టంగా పడింది.

ఆ పొద్దున్నే నేనూ, అక్క కూతురూ ప్రాక్టీసుకని మంత్రిగారింటికి వెళ్ళాం. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేశాడు.

"ఈ పిల్లని పంపడానికి లేదండీ."

"అమ్మగారే రమ్మన్నారయ్యా!"

"నిజమేనండీ. కానీ లోతు తెలిసినవాళ్ళని లోపలికి రానివ్వొద్దని రాత్రి ఆర్డరొచ్చింది."

"నాకూ తెలుసుగా?"

"మీరు అరవలేదు కదండీ. మీరు వెళ్ళొచ్చు."

అక్క కూతురు నా మొహంలోకి చూసింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. తువ్వాలు భుజాన వేసుకుని వెనక్కి తిరిగింది. ఆ తర్వాత ట్రయల్స్ దాకా "మామయ్యా, నీళ్ళెప్పుడు?" అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే బాగుండునని రోజూ సిగ్గుతో చచ్చాను.

మంత్రిగారు మాట తప్పే మనిషి కారు. సెలవులు అయ్యే రోజున టౌన్ పూల్‌ని కూడా ప్రారంభించారు. మట్టిని రోలర్‌తో గట్టిగా తొక్కించి, చుట్టూ రిబ్బన్ కట్టించారు. పాత బోర్డుకి కొత్త రంగు వేయించారు. డైవింగ్ పలక మీదకెక్కి మైకు పట్టుకున్నారు.

"ఒక్క పౌరుడు కూడా మునగడని ఆ రోజు మాటిచ్చాను. ఇదిగో, మునగడానికి వీల్లేని మొట్టమొదటి పబ్లిక్ పూల్!"

చప్పట్లు మోగాయి. పీఏ ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "ఈ పూల్‌లో ఎవరూ మునగరని ధ్రువీకరించడమైనది. కోచ్ సంతకం." ఆలోచించాను. అబద్ధమేమీ లేదు. సంతకం పెట్టేశాను.

జనం వెళ్ళిపోయాక చూస్తే అక్క కూతురు వచ్చి ఉంది. ఆ సమయానికి ట్రయల్స్ జరుగుతున్నాయి. ఈత దుస్తులేసుకుని, కళ్ళకి గాగుల్స్ పెట్టుకుని బోర్డు ముందు నిలబడింది. "లోతు: పన్నెండు అడుగులు. ఈత రానివారు దిగరాదు" అని పైకి చదివింది. రిబ్బన్ కింద నుంచి దూరి, మట్టి మీద నడుచుకుంటూ వెళ్ళి సరిగ్గా నడిమధ్యలో ఆగింది. అక్కడ పాదాలు రెండూ గట్టిగా ఆనించి నా వైపు తిరిగింది.

"మామయ్యా! కాళ్ళు ఆనుతున్నాయి!"

విజిల్ నోటి దాకా వచ్చింది గానీ ఊదలేకపోయాను. రిజిస్టర్ తీసి, "ఈ రోజు ఈత కొట్టినవారు" అన్న గడిలో మూడేళ్ళ తర్వాత మొదటిసారి ఒకటి వేశాను.