గుర్రు ఏమైంది?

కాఫీ తాగి, కారు తుడిచి, మధ్యాహ్నంలోపు మామగారికి అప్పగించి రావాలని అల్లుడు అనుకున్నాడు. పెళ్లయ్యాక మామగారు కారు తాళం అతని చేతిలో పెట్టడం ఇదే మొదటిసారి. చెక్కుచెదరకుండా తిరిగిస్తే రెండోసారి అడగొచ్చు. చిన్న గీత పడినా ఇక ఆ గుమ్మంలో తలెత్తుకోలేడు.

ఇంజన్ స్టార్ట్ చేశాడు. ముందువైపు నుంచి గుర్రుమని చప్పుడు. నిన్న పాటలు పెట్టుకుని రావడంతో తనకీ భార్యకీ వినపడలేదు.

భార్యను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, బానెట్ ఎత్తి చెవి పెట్టాడు.

"గేరు న్యూట్రల్‌లోనే ఉంచి క్లచ్ నొక్కు."

చప్పుడు ఆగింది.

"ఇప్పుడు వదులు."

మళ్లీ గుర్రు.

"దొరికింది! గేర్‌బాక్స్ లోపలి బేరింగే. క్లచ్ నొక్కితే అది తిరగదు, అందుకే నోరు మూసుకుంటోంది" అని గంతేశాడు. మరుక్షణం అతని మొహం పాలిపోయింది. "అంటే ఒక్కరోజులో నేనే పాడుచేశానా?"

అతను కారు తీసుకుని మెకానిక్ దగ్గరికి పరుగు తీశాడు. భార్య పుట్టింటికి ఫోన్ చేసింది.

"అమ్మా, నాన్నని సాయంత్రం దాకా ఇటు రానీయకు. ఎందుకని అడగకు."

తల్లి అడగలేదు. అదే కొంప ముంచింది. కూతురూ అల్లుడూ పోట్లాడుకున్నారని తేల్చేసుకుని, మామగారికి చెప్పులు వేసుకునే తీరిక కూడా ఇవ్వకుండా బస్సెక్కించింది.

బస్సు దిగుతూనే ఆయన గొంతు వీధి చివరిదాకా వినిపించింది. చెవులు మందగించిన దగ్గర్నుంచి ఆయన మాట అంతే.

"అల్లుడేడీ?"

"బయటికెళ్లారు నాన్నా."

"కారేదీ?"

"అదీ బయటికెళ్లింది."

"బట్టలు కూడా సర్దుకెళ్లాడా?" మామగారు కుర్చీలో కూలబడ్డారు.

ఆమె సర్దిచెప్పేలోగా సాయంత్రమైంది. కారు పిల్లిలా వచ్చి గుమ్మం ముందు ఆగింది. చప్పుడన్నదే లేదు. అల్లుడు ఆనందం పట్టలేక తాళం అందించాడు. మామగారు కూర్చుని తాళం తిప్పారు. చెవి రిక్కించారు. మళ్లీ తిప్పారు. కర్ర్‌మంది. ఇంకోసారి తిప్పారు.

"ఆపండి మామయ్యా! ఎప్పుడో స్టార్టయింది, ఇంకా తిప్పితే స్టార్టర్ పళ్లు అరిగిపోతాయి" అని అల్లుడు అరిచాడు.

"మరి గుర్రుమనదేం?"

"ఆ గుర్రు మీకు ముందే తెలుసా?" అన్నాడు అల్లుడు.

"నాకు ఇంజన్ ఎక్కడ వినపడుతుందయ్యా! ఆ గుర్రు వింటేనే కదా స్టార్టయిందని తెలిసేది. రెండేళ్లుగా దాన్ని నమ్ముకునే నడుపుతున్నా."

"మీ మాటల హోరులో ఆ గుర్రు మాకెప్పుడూ వినపడలేదు నాన్నా" అంది కూతురు.

"పాత బేరింగ్ బిగించమను."

"మెకానిక్ అప్పుడే పారేశాడు మామయ్యా."

మామగారు ఇంజన్ ఆపేశారు. తర్వాత దిగి, తాళం అల్లుడి జేబులో వేశారు. "ఈ మూగబండి నాకెందుకు? నువ్వే ఉంచుకో."

అల్లుడికి రాత్రంతా సంతోషంతో నిద్రపట్టలేదు. తెల్లారగానే తన కారులో కూర్చుని తాళం తిప్పాడు. స్టార్టర్ కర్ర్‌ర్‌మని పళ్లు కొరికింది.

ఈ చప్పుడు ఎలా వచ్చిందో కనిపెట్టడానికి అతను బానెట్ ఎత్తనక్కర్లేకపోయింది.