ఫోను మోగితేనే ఉన్నట్టు

జూన్ ఒకటో తేదీ నుంచి ఆ పరిశోధన కేంద్రంలో, ఎవరి బల్ల మీద ఫోను మోగదో వాళ్లు కనిపించడం మానేశారు. సర్క్యులర్ నాలుగు రోజుల ముందే నోటీసు బోర్డులో పెట్టారు కాబట్టి ఎవరూ కంగారు పడలేదు.

తప్పు కొంత డాక్టర్ కృపావతిదే. గోరంత చిప్పు మీద ఒక్కొక్క కాంతి కణాన్ని పుట్టించడం ఆమె పదకొండేళ్ల పని. కణాలు జంటగా పుడతాయి. ఒకటి పరికరాన్ని తాకి టిక్కుమనిపిస్తే రెండోది ఉన్నట్టు లెక్క. దాన్ని రహస్య సందేశంగా పంపుకోవచ్చు, జ్ఞాపకంగా దాచుకోవచ్చు. "జంట మోగనిదే కణం ఉన్నట్టు పరిగణించరాదు" అని ఆమె నివేదికలో రాసింది. పరిపాలన విభాగానికి ఆ వాక్యం తెగ నచ్చేసింది. 'కణం' కొట్టేసి 'ఉద్యోగి' అని పెట్టి హాజరు నియమాల్లో కలిపేశారు. పెద్దాఫీసుల్లో కొత్త ఆలోచనలు ఇలాగే పుడతాయి.

ప్రతి ఉద్యోగీ ఒక జంట పేరు రాసివ్వాలి. ఆ మనిషి ఉదయం ఒక్క మిస్డ్ కాల్ ఇస్తే చాలు, ఉద్యోగి సాయంత్రం దాకా కనిపిస్తాడు. పెళ్లాలు, మొగుళ్లు, బావమరుదులు ఇస్తున్నారు. కృపావతి ఫారంలో ఆ గడి ఖాళీ. ఎంత ఆలోచించినా ఒక్క పేరూ తట్టక ఆమెకు ఏడుపొచ్చింది.

సెక్షన్ ఆఫీసర్ భూమయ్య దగ్గరికి వెళ్లింది. గొంతు గురించి సర్క్యులర్‌లో ఏమీ లేదు కనుక అది వినిపించేది.

"ఎవ్వరో ఒకరి పేరు రాయుండ్రి మేడం. మీకు ఎవ్వలు లేరా?"

"మీరిస్తారా?"

"నేను మా బామ్మర్దికిస్తున్న. ఒక్కరికి ఒక్కరే. మీరే రాసిన్రు గదా!"

పన్నెండు రోజులు కనిపించకుండానే పనిచేసింది. చిప్పు ఎప్పుడూ లేనంత చక్కగా నడిచింది. ఎదుటి బల్ల శేషసాయి, దానంతటదే నడుస్తోందనుకుని, తన టిఫిన్ సంచి ఆమె కుర్చీకి తగిలించాడు.

పదమూడో రోజు ఫోను మోగింది. కృపావతి కనిపించింది. శేషసాయి సంచి తీసుకుంటూ, "ఊరినుంచి ఎప్పుడొచ్చారు?" అన్నాడు.

"నమస్తే మేడం, కృపావతి గారేనా? షాద్‌నగర్ దగ్గర మా ప్లాట్లు..." అంది ఫోన్లో ఒక అమ్మాయి.

తన పేరు ఇంకొకరి నోట విని ఎన్నాళ్లయిందో! ఆమె ఆసాంతం విని, "ఆలోచిస్తాను. రేపు చెయ్యమ్మా" అంది.

ఆ అమ్మాయి రోజూ చేసేది. ఈమె రోజూ ఆలోచిస్తాననేది. ఫారంలో 'ప్లాట్ల అమ్మాయి' అని రాసిస్తే భూమయ్య ముద్ర కొట్టాడు.

నెల గడిచాక కృపావతికి సిగ్గేసింది. పాపం, ఆ పిల్లని ఎన్నాళ్లని ఆశపెట్టడం? మళ్లీ మాయమైనా సరే అనుకుని చెప్పేసింది.

"అమ్మా, నేను ప్లాటు కొనను."

"ఎరికే మేడం" అంది ఆ అమ్మాయి మెల్లగా. "మా ఆఫీసుల అవతలోళ్లు లైన్ల ఉన్నంతసేపే మేం కనబడ్తం. అందరు పెట్టేస్తరు. మీరొక్కరే వింటరు."

కృపావతి కుర్చీ ముందుకు లాక్కుంది.

"సరే, ఆ ప్లాట్ల సంగతి మొదట్నుంచి చెప్పు" అంది.