శుక్రవారం ఊగిన కుర్చీ

ఆ శుక్రవారం పొద్దున శాంతయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. చద్దన్నం తిని, వసారాలో కొత్తగా కొన్న కుర్చీ వేసుకుని, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఊగడం. అంతకు మించి ఆయన దేవుడిని ఏమీ అడగలేదు.

ఆ కోరిక ఇరవయ్యేళ్ళ నాటిది. గుంతకల్లులో రైల్వే పనిలో చేరిన కొత్తలో, బంగళా వసారాలో ఒక తెల్లదొర ఊగే కుర్చీలో కళ్ళు మూసుకుని ముందుకూ వెనక్కూ ఊగుతుంటే చూశాడు. మనిషన్నవాడు పని మానేశాక ఇలా ఉండాలని ఆనాడే తీర్మానించుకున్నాడు. కోసిగి స్టేషనులో జెండా ఊపీ ఊపీ, పంతొమ్మిదివందల యాభైమూడులో పింఛను పుచ్చుకున్న వారానికే ఆదోనిలో పాతసామాన్ల అంగడికి పోయాడు. అంగడి సాయిబు మూడు రకాలు చూపించాడు. చేతులు లేనిది చంటిబిడ్డల తల్లులకట. పేము అల్లినది ఎండాకాలానికట. ఏనుగు దంతాల్లా వంగిన కాళ్ళున్న టేకుది పనీపాటా లేని మగవాళ్ళకట. మూడోది తన కోసమే పుట్టిందని శాంతయ్యకు అర్థమైంది.

అది రైలెక్కి, బండెక్కి, గురువారం చీకటిపడే వేళకు ఇల్లు చేరింది. భార్య హంపమ్మ దాన్ని చుట్టూ తిరిగి చూసింది.

"వంకర కాళ్ళది తెచ్చినావే. కండ్లు కనపడలేదా?"

"అది ఊగుతాది."

"ఊగేకి నువ్వేమన్నా చంటిబిడ్డవా?"

శాంతయ్య కుర్చీని వసారాలోకి జరిపి, పోయి పడుకున్నాడు. తెల్లారాక, అంత మంచి కుర్చీలో మాసిన గడ్డంతో కూర్చోవడం మర్యాద కాదని తోచి, ముందు క్షవరానికి పోయాడు. ఆయన చేసిన తప్పల్లా అదే.

హంపమ్మ కోడి కూయకముందే లేచి, ఇల్లు అలికి, రొట్టెలు చేసి, శుక్రవారం గనుక తలకు పోసుకుంది. ముఖానికి పసుపు, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు. తడి జుట్టు ఆరేసుకుంటూ, కుర్చీ దుమ్ము తుడుద్దామని వచ్చి, తుడిచి, ఒక్క నిమిషమని కూర్చుంది. కుర్చీ తన పని తాను చేసింది. రెండో ఊపుకు హంపమ్మకు నిద్ర పట్టింది.

పక్కింటి గిడ్డమ్మ మజ్జిగ కోసం చెంబు పట్టుకుని వచ్చింది. విరబోసిన జుట్టు, పసుపు ముఖం, మూసిన కళ్ళు, ముందుకూ వెనక్కూ ఊగుతున్న ఒళ్ళు, దానికి తోడు గొంతులోంచి ఒక హుంకారం. అది గురకని చెప్పేవాళ్ళు అక్కడ లేరు. శుక్రవారంనాడు అలా ఊగే ఆడమనిషికి ఆ ఊళ్ళో ఒకటే అర్థం. చెంబు అక్కడే వదిలేసి గిడ్డమ్మ వీధిలోకి పరుగెత్తింది.

"హంపక్క మీదికి సుంకులమ్మ వచ్చుండాది. రాండప్పా."

శాంతయ్య నున్నని గడ్డంతో వచ్చేసరికి వసారాలో వేపమండలు, సాంబ్రాణి పొగ, రెండు తప్పెట్లు, సగం ఊరు ఉన్నాయి. సుంకులమ్మ గుడి పూజారి బొజ్జన్న హంపమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తల్లీ, వాన ఎప్పుడిస్తావు?"

హంపమ్మ కళ్ళు తెరిచింది. "ఎవురు మీరంతా? నా ఇంట్లో ఏం పని మీకు?"

"శానా కోపంగా ఉండాది తల్లి," అన్నాడు బొజ్జన్న. తప్పెట్లు ఇంకా గట్టిగా మోగాయి.

శాంతయ్య జనాన్ని తోసుకుని వచ్చాడు. "అమ్మా రాలేదు, ఎవురూ రాలేదప్పా. కుర్చీ ఊగుతాండాది, మనిషి కాదు."

"కుర్చీ యాడన్నా ఊగుతాదా?"

"సూడండి," అని భార్యను లేపి, తాను కూర్చుని వెనక్కి వాలాడు. కుర్చీ ఊగింది. పాపం, ఇరవయ్యేళ్ళ కోరిక. తెలియకుండానే ఆయన కళ్ళు మూతలు పడ్డాయి.

"మొగునికీ వచ్చుండాది," అంది గిడ్డమ్మ.

"ఆపండి!" అని అరిచాడు శాంతయ్య.

"దేవుని గొంతే," అన్నారు వెనకవాళ్ళు.

బొజ్జన్న మాత్రం తొందరపడే మనిషి కాదు. మగవాళ్ళ పూనకాన్ని పరీక్షించకుండా ఆయన ఎన్నడూ నమ్మలేదు. పోయినేడు ఒక కల్లుతాగినవాడు దేవుడినని చెప్పి మూడు కోళ్ళు తిని పోయాడు. ఆయన కర్పూరం ముద్ద వెలిగించాడు.

"చెయ్యి చాపు సామీ. నిజమైతే కాలదు."

శాంతయ్య మంట వంక చూశాడు, అరచేయి వంక చూశాడు, ఒక్క దూకు దూకి వాకిట్లో పడ్డాడు. ఆ తోపుకు కుర్చీ ముందుకన్నా రెట్టింపు ఊగసాగింది, ఖాళీగా.

తప్పెట్లు వాటంతటవే ఆగిపోయాయి. అంతమంది నోరు తెరుచుకుని చూస్తుండగా ఆ కుర్చీ, అందరి మనవీ విన్నట్టు తల ఊపుతూ ఉంది. అందరికన్నా ముందు నేల మీద పడి మొక్కినవాడు బొజ్జన్నే.

"తల్లి దీంట్లోనే కూచోనుండాది. గుడికి ఎత్తుకొని పోదాం పట్టండి."

నలుగురు పట్టి లేపారు. శాంతయ్య వసారా మెట్లకు అడ్డం నిలబడ్డాడు. "అది నా కుర్చీ అప్పా. ఇంకా నేను సరిగ్గా కూచోనన్నా లేదు."

"నువ్వు కూచునేదేంది? పక్కకు జరుగు."

ఆయన దిక్కులేక హంపమ్మ వంక చూశాడు. ముప్పయ్యేళ్ళ కాపురంలో పగటిపూట ఆమె నిద్రపోయింది ఆ పొద్దొకటే. అది ఎంత బాగుందో ఆమెకు ఇంకా ఒళ్ళంతా తెలుస్తోంది. జుట్టు మళ్ళీ ముఖం మీదికి వేసుకుంది.

"దించండి," అంది, ఎన్నడూ లేని గొంతుతో. నలుగురూ దించారు. "నేను యాడికీ రాను. ఈడే ఉంటా. శుక్రవారమైతే ఈ హంపమ్మ మీదికే వస్తా. ఇంకెవురూ దీంట్లో కూచోగూడదు."

"అట్లే తల్లీ," అన్నాడు బొజ్జన్న. "మరి ఇంటాయన?"

"నీళ్ళు మోయల్ల. రొట్టెలు చేయల్ల."

బొజ్జన్న కుర్చీ చేతులకు కుంకుమ పెట్టి, జనాన్ని వెంటబెట్టుకుని పోయాడు. వసారా ఖాళీ అయ్యాక శాంతయ్య గుసగుసగా అడిగాడు.

"నిజం చెప్పు. అమ్మ వచ్చిందా?"

హంపమ్మ ఊగుతూ, కళ్ళు తెరవకుండానే అంది: "అనుమానముంటే బొజ్జన్నను పిలుస్తా. కర్పూరం ఇంకా మిగిలుండాది."

నెల తిరిగేసరికి వారానికి అయిదు శుక్రవారాలు రాసాగాయి. శాంతయ్య రొట్టెలు తట్టడం నేర్చుకున్నాడు. ఊరిలో అంత గుండ్రంగా తట్టేవాళ్ళు లేరని గిడ్డమ్మ కూడా ఒప్పుకుంది. పని ముగిశాక ఆయన అరుగు మీద కూర్చునేవాడు. అరుగు ఊగదు గనుక, వాన సంగతి ఆయనను ఎవరూ అడగలేదు.