స్టైల్ ఫైలుకో హామీపత్రం

కళ్లెదుట ఉన్నదాన్ని ఉందని ఒప్పుకోకపోవడమే నాగరికతకు తొలిమెట్టు! ఈ మాట ఊరికే అనడం లేదు. ప్రతిదీ ఏ రకమో, అంటే ఏ టైపో, ముందే చెప్పమనే కంప్యూటర్ భాషలో వెబ్‌సైట్లు రాసి రాసి, సగం జుట్టు పోగొట్టుకున్న అనుభవంతో అంటున్నాను.

తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. వెబ్ పేజీకి పని చెప్పే ఫైలు ఒకటుంటుంది. దాని రంగులూ, అక్షరాల సైజూ చూసుకునే స్టైల్ ఫైలు వేరే ఉంటుంది. మొదటిది రెండోదాన్ని ఇంపోర్ట్ చేసుకోవాలి, అంటే లోపలికి పిలుచుకోవాలి. మిగతా భాషల్లో అయితే పిలవగానే వచ్చి కూర్చుంటుంది. మా భాషలో గుమ్మం దగ్గర చెకర్ గారుంటారు. ఆయనా ఒక ప్రోగ్రామే; తప్పులు పట్టడం వారి ఉద్యోగం. స్టైల్ ఫైలు పేరు వినగానే ఆయన ఆ పేరు కింద ఒక ఎర్రగీత గీసి, "ఇలాంటి ఫైలు గానీ, ఇది ఫలానా అని చెప్పే డిక్లరేషన్ గానీ నాకు కనిపించడం లేదు" అంటారు.

ఇంతకీ ఆ ఫైలు ఎక్కడుంది? అదే ఫోల్డర్లో, భుజం భుజం రాసుకుంటూ పక్కనే ఉంది!

దీన్ని చాదస్తం అంటారు గిట్టనివాళ్లు. నేను వరమంటాను. పక్కనున్నంత మాత్రాన నమ్మేస్తే లోకం ఏమైపోవాలి? ఈ పద్ధతి నాకెంత నచ్చిందంటే ఇంట్లో కూడా అమలుపెట్టాను. "ఆ ఉప్పు డబ్బా ఇలా ఇవ్వండి" అంది మా ఆవిడ. డబ్బా నా చేతి కిందే ఉంది. కానీ అందులో ఉన్నది ఉప్పే అనడానికి ఆధారమేది? ఆ మాటే అడిగాను. ఆవిడ మూత తీసి, చిటికెడు నా నాలిక మీద వేసి వెళ్లిపోయింది. ఇలాంటి తొందరపాటు మనుషుల వల్లే దేశాలు వెనకబడుతున్నాయి.

అసలు సంగతికి వస్తాను. మా అక్కకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. ఎదురుగా పెద్ద కళ్లజోళ్ల షోరూం ఒకటి వెలిసినప్పటినుంచి అక్క దుకాణం మెట్లెక్కేవాళ్లు తగ్గిపోయారు. చూపు ఆననివాళ్లు ఇంట్లో కూర్చునే కళ్లజోడు ఆర్డరిచ్చుకునేలా వెబ్‌సైట్ చేసిపెట్టమంది. అది బాగుంటే తన పేషెంట్లందరికీ చెబుతానని వీధి చివర కంటి డాక్టరమ్మ మాటిచ్చింది. దుకాణం నిలబడాలంటే అక్కకు అదొక్కటే దారి.

"ఇంకేం లేకపోయినా ఫర్వాలేదురా. అక్షరాలు మాత్రం ఇంతింత ఉండాలి" అని గుప్పిట బిగించి చూపించింది అక్క.

స్టైల్ ఫైలు రాసింది అక్క ఆడపడుచు. ఆవిడ డిజైనర్. అందులో 'పెద్దక్షరాలు' అనే పేరుతో ఒక భాగం పెట్టింది. నేను నా ఫైల్లోంచి దాన్ని పిలిచాను. చెకర్ గారు యథాప్రకారం అడ్డం తిరిగారు.

ఆయన్ను ప్రసన్నం చేసుకోవడానికి ఒక మార్గముంది. చిన్న డిక్లరేషన్ ఫైలు పెట్టి, "స్టైల్ ఫైలు ఏదొచ్చినా నమ్మండి. అందులో ఏ పేరు అడిగినా ఉంటుంది. పూచీ నాది" అని రాసివ్వాలి. రాసిచ్చాను. ఎర్రగీత మాయం! ఎంత పెద్దమనసో చూశారా? పక్కనున్న ఫైలును నమ్మని మనిషి నా హామీపత్రాన్ని మాత్రం కళ్లకద్దుకున్నారు. ఆ తర్వాతైనా ఫైలు తెరిచి చూశారా అని అడక్కండి. అంతటివారు అలాంటి పనులు చేస్తారా?

ఈలోగా ఆడపడుచుకు 'పెద్దక్షరాలు' అనే పేరు మోటుగా తోచి, దాన్ని 'హాయి' అని మార్చేసింది. నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. మధ్యలో చెకర్ గారుండగా మాకు మాటలెందుకు? నా ఫైలు మాత్రం ఇంకా పాత పేరుతోనే పిలుస్తోంది. ఆ పేరుగలది లోపల లేనే లేదు. అయినా చెకర్ గారు ఎంతో ప్రశాంతంగా "తప్పులేమీ లేవు" అన్నారు.

డాక్టరమ్మ వచ్చింది. వెంట తన పాత పేషెంటు, రిటైరైన టైలర్ ఒకాయన్ను తీసుకొచ్చింది. అక్క ఆయనకు కుర్చీ వేసి పేజీ తెరిచింది. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. ఆయన ముక్కు స్క్రీన్‌కు ఆనించాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ ఆనించాడు.

"ఇది చదవగలిగేవాడికి కళ్లజోడెందుకమ్మా?" అన్నాడు పాపం, మెల్లగా.

డాక్టరమ్మ ఆయన్ను చెయ్యిపట్టి లేపి తీసుకెళ్లిపోయింది. అక్క మొహం చూడలేకపోయాను.

"తప్పేం లేదని చెకర్ చెప్పాడక్కా" అన్నాను.

"ఏం చూసి చెప్పాడు?"

"నేను రాసిచ్చింది చూసి."

"నువ్వేం చూసి రాసిచ్చావు?"

టైపుల గొప్పతనం గురించి చాలాసేపు మాట్లాడాను. అక్క వినలేదు.

ఆ పేరు మార్చడానికి నిమిషం పట్టలేదు. డాక్టరమ్మను మళ్లీ రప్పించడానికి మాత్రం అక్క ఎన్నిసార్లు ఆవిడ గుమ్మం తొక్కిందో నాకు తెలుసు. చివరికి వచ్చింది, చదివింది, సరేనంది.

కానీ అప్పటినుంచి అక్క ఒక దుష్ట సంప్రదాయం మొదలుపెట్టింది. నేనేం మార్చినా సరే, తన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, స్క్రీన్‌కు దూరంగా నిలబడి పైకి చదువుతుంది. కనిపిస్తేనే ఉన్నట్టట!

పాఠకులారా, ఇది చాలా ప్రమాదకరమైన ధోరణి. ఉందో లేదో తెరిచి చూడడం ఇలా అందరికీ అలవాటైపోతే, చూడకుండా హామీ ఇచ్చే మాలాంటివాళ్లం, ఆ హామీ చూసి ముద్ర వేసే చెకర్ గారిలాంటి పెద్దలు ఏ మొహం పెట్టుకుని ఉద్యోగాలు చెయ్యాలి?